డ్యాష్‌క్యామ్‌కు కరెంట్ ఎక్కడి నుంచి? కారులో వీడియో పరికరాల వైరింగ్ వెనక ఉన్న లెక్క

ఎండాకాలం వచ్చిందంటే రోడ్డు పక్కన తగలబడుతున్న కారు వీడియో ఒకటి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. దాని కింద మొదలయ్యే వాదన ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. "బయట షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకుంటే ఇంతే మరి" అని ఒకరు. "5 వాట్ల కెమెరాకి కారు తగలబడుతుందా, మీరు మరీనండీ" అని ఇంకొకరు. కోఠి గుజరాతీ గల్లీలోనో, ఇంటి దగ్గరి కార్ డెకార్స్‌లోనో దారిని రికార్డ్ చేసే డ్యాష్‌క్యామ్ పెట్టించుకుందామని అప్పుడే అనుకుంటున్న మనిషికి ఈ రెండు మాటల మధ్య టెన్షన్ మొదలవుతుంది.

ఇద్దరు చెప్పేదాంట్లోనూ కొంత నిజం ఉంది. డ్యాష్‌క్యామ్ లాగే కరెంట్ చాలా తక్కువ. అయితే దానికి వెళ్లే సన్నటి వైరు రెండో కొస బ్యాటరీ దగ్గర తేలుతుంది. ఇంజిన్‌ను తిప్పడానికి వందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వగల బ్యాటరీ అది. అందుకని కెమెరా ఎంత అడుగుతుందో తెలిస్తే చాలదు. వైరు దెబ్బతిన్న రోజున బ్యాటరీ ఎంత పంపగలదు, దాన్ని మధ్యలో ఆపడానికి ఏముంది అన్నవి కూడా తెలియాలి. బ్యాటరీ డౌన్ కావడం, రివర్స్ కెమెరాలో గీతలు రావడం, వారంటీ పేచీలు కూడా కరెంట్‌ను ఎక్కడ తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు అన్న దగ్గరే మొదలవుతాయి.

## కీ తిప్పితే వచ్చే కరెంట్, తిప్పకపోయినా ఉండే కరెంట్

కారు బ్యాటరీ 12 వోల్టులదని అంటాం కానీ ఆ అంకె రోజంతా మారుతూ ఉంటుంది. నిండా ఛార్జ్ అయ్యి, కొన్ని గంటలు కదలకుండా ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.2 దగ్గర ఉంటే సుమారు సగం మిగిలినట్టు. 11.8కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ దానితో తిరిగే జనరేటర్, అంటే ఆల్టర్నేటర్, కరెంట్ ఇస్తుంది కాబట్టి 13.5 నుంచి 14.5 వరకు కనిపిస్తుంది.

ఈ కరెంట్ కారులో రెండు దారుల్లో తిరుగుతుంది. ఒక దారిలో కీతో పనిలేకుండా ఎప్పుడూ ఉంటుంది. గడియారం, సెంట్రల్ లాకింగ్, హజార్డ్ లైట్లు దాని మీదే బతుకుతాయి. షాపుల్లో దీన్ని బ్యాటరీ వైరు అనో, మెమరీ వైరు అనో అంటారు. రెండోది కీ తిప్పాకే వస్తుంది. సిగరెట్ లైటర్ సాకెట్ చాలా కార్లలో ఈ దారిలోనే ఉంటుంది. దీన్ని ఏసీసీ వైరు, కీ వైరు అని పిలుస్తారు. కరెంట్ తిరిగి బ్యాటరీకి చేరేది కారు ఇనుప బాడీ గుండా. అదే ఎర్త్. ఇంట్లో ఎర్త్ మామూలుగా కరెంట్ మోయదు, కారులో ఎర్త్ మాత్రం వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చే దారి. లూజ్ ఎర్త్ అంటే సగం సర్క్యూట్ లూజ్ అయినట్టే.

స్టీరియో వెనక వచ్చే వైర్లలో పసుపు అంటే ఎప్పుడూ ఉండే బ్యాటరీ వైరు, ఎరుపు కీ వైరు, నలుపు ఎర్త్. బయట దొరికే స్టీరియోలు చాలావరకు ఈ రంగులే పాటిస్తాయి. కారు కంపెనీలు మాత్రం లోపలి వైర్లకు ఎవరి రంగులు వాళ్లవే వాడతాయి. డ్యాష్‌క్యామ్‌తో వచ్చే హార్డ్‌వైర్ కిట్లలో (కారు వైరింగ్ నుంచి కెమెరాకు నేరుగా కరెంట్ ఇచ్చే బ్యాటరీ, కీ, ఎర్త్ వైర్ల సెట్లు) కొన్నిటికి ఎరుపు, పసుపు అటూ ఇటూ మారి ఉంటాయి. రంగు చూసి కలిపేసే మెకానిక్‌కూ, మల్టీమీటర్ పెట్టి కీ ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి చూసి కలిపే మెకానిక్‌కూ తేడా ఇక్కడే తెలుస్తుంది.

## ఏ పరికరం ఎంత లాగుతుంది

డ్యాష్‌క్యామ్ లోపల పనిచేసేది 5 వోల్టుల మీద. 1 ఆంపియర్ తీసుకుంటే 5 వాట్లు. అదే 5 వాట్లు 12 వోల్టుల వైపు నుంచి చూస్తే 0.42 ఆంపియర్లు. మధ్యలో వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ కొంత తింటుంది, కాబట్టి అర ఆంపియర్ అనుకోవచ్చు. ముందూ వెనకా రెండు కెమెరాలుంటే ఇంకొంచెం ఎక్కువ. రివర్స్ కెమెరా ఒకటి రెండు వాట్లతో సరిపెట్టుకుంటుంది. వెనక సీట్ల వాళ్ల కోసం హెడ్‌రెస్ట్‌కు బిగించే 10 అంగుళాల తెర 10 నుంచి 15 వాట్లు, అంటే ఆంపియర్‌కు కాస్త అటూ ఇటూ.

ఆండ్రాయిడ్ స్టీరియో సంగతి వేరు. మ్యాప్ చూపిస్తూ సౌండ్ తగ్గించి ఉంటే ఒకటి రెండు ఆంపియర్లతో పోతుంది. సౌండ్ పెంచితే దాని లోపలి యాంప్లిఫైయర్ క్షణకాలం 10 ఆంపియర్ల దాకా అడగగలదు. డిక్కీలో విడిగా యాంప్లిఫైయర్, సబ్ ఊఫర్ పెడితే లెక్క ఇంకో మెట్టు ఎక్కుతుంది. నిజంగా 400 వాట్లు బయటికి ఇచ్చే యాంప్లిఫైయర్ 80 శాతం సామర్థ్యంతో పనిచేస్తే లోపలికి 500 వాట్లు కావాలి. 13.8 వోల్టుల దగ్గర అది 36 ఆంపియర్లు.

అర ఆంపియర్, 10 ఆంపియర్లు, 36 ఆంపియర్లు. ఈ మూడింటికీ ఒకే రకం వైరు, ఒకే చోటి నుంచి కరెంట్ తీసుకోవడం కుదరదు. "మొన్న కెమెరాకి ఇక్కడి నుంచే ఇచ్చాం సార్, ఏం కాలేదు" అనే మాట కెమెరా వరకు నిజమే. అదే వైరు మీద తర్వాత స్టీరియో, ఆపైన యాంప్లిఫైయర్ కలిపితే ఆ మాట చెల్లదు.

## ఫ్యూజ్ కాపాడేది వైరును

ఫ్యూజ్ కెమెరాను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. కెమెరా లోపల చెడిపోయాక ఫ్యూజ్ పోయినా కెమెరాకు ఒరిగేదేమీ లేదు. ఫ్యూజ్ ఉన్నది వైరు కాలకుండా ఉండటానికి. ఈ ఒక్కటి అర్థమైతే మిగతా సలహాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. బ్యాటరీ వైపు నుంచి 3 మీటర్ల సన్న వైరు, 0.5 చదరపు మిల్లీమీటర్లది, ఫ్యూజ్ లేకుండా నేరుగా కెమెరా దాకా లాగారు. అది డ్యాష్‌బోర్డ్ వెనక ఒక ఇనుప పట్టీ అంచుకు ఆనుకుని ఉంది. గతుకుల రోడ్డు మీద రోజూ రాసుకుని రాసుకుని తొడుగు అరిగి, లోపలి రాగి ఇనుముకు తగిలింది. ఈ మందం రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.039 ఓమ్‌లు. 3 మీటర్లకు 0.117 ఓమ్‌లు. బ్యాటరీ లోపలి నిరోధం, తగిలిన చోటి నిరోధం కలుపుకున్నా 80 ఆంపియర్లు సులువుగా పారతాయి. వైరులో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది: దాదాపు 750 వాట్లు. ఒక ఇస్త్రీ పెట్టెలో పుట్టేంత వేడి ఆ సన్న తీగలో పుడుతుంది. కొన్ని సెకన్లలో తొడుగు కరిగి, పక్కన ఉన్న వైర్ల కట్టకూ, ఫోమ్‌కూ, కార్పెట్‌కూ అంటుకుంటుంది. అప్పుడు కెమెరా ఆఫ్‌లో ఉన్నా, అసలు కారులోనే లేకపోయినా జరిగేది ఇదే.

అదే వైరు మొదట్లో 2 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంటే 80 ఆంపియర్లు రాగానే రెప్పపాటులో కొట్టేస్తుంది. మొదట్లో అన్న మాట ముఖ్యం. కెమెరా దగ్గర ఫ్యూజ్ పెడితే దానికీ బ్యాటరీకీ మధ్య ఉన్న వైరంతా కాపలా లేకుండా ఉన్నట్టే. యాంప్లిఫైయర్ కోసం బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగేటప్పుడు ఫ్యూజ్‌ను బ్యాటరీకి మూరెడు దూరం లోపే పెట్టమనేది అందుకే.

"ఎలాగూ 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న సర్క్యూట్ నుంచే తీసుకున్నాం కదా, ఇంకో ఫ్యూజ్ ఎందుకు" అనే ప్రశ్న న్యాయమైనదే. నిండు షార్ట్ అయితే ఆ 15 కూడా కొట్టేస్తుంది. సగం షార్ట్ అయితేనే చిక్కు. బ్లేడ్ ఫ్యూజ్ తన అంకె దాటగానే పోదు. అంకెకు 10 శాతం ఎక్కువ కరెంట్‌ను గంటల తరబడి మోయగలిగేలా, 35 శాతం ఎక్కువైతే పది నిమిషాల లోపు పోయేలా దాన్ని తయారు చేస్తారు. అంటే నలిగిన వైరు గుండా 20 ఆంపియర్లు కారుతున్నా 15 ఆంపియర్ల ఫ్యూజ్ నిమిషాల పాటు నిలబడవచ్చు. ఆ లోపు మన సన్న వైరులో 45 వాట్ల పైన వేడి పుడుతూ ఉంటుంది. వైర్ల కట్టలో గాలి ఆడని చోట తొడుగు మెత్తబడటానికి అది చాలు. పాత ఫ్యూజ్ పాత వైరు మందానికి సరిపోయేలా పెట్టింది. కొత్త సన్న వైరుకు దానికి తగ్గ సొంత ఫ్యూజ్ కావాలి.

ఫ్యూజ్ ట్యాప్ చేసే పని ఇదే. ఫ్యూజ్ బాక్స్‌లో ఒక ఫ్యూజ్ తీసి ఆ చోట దీన్ని గుచ్చుతారు. దీనిలో రెండు అరలు ఉంటాయి, ఒకదాంట్లో పాత ఫ్యూజ్, రెండోదాంట్లో కొత్త వైరు కోసం చిన్న ఫ్యూజ్. డ్యాష్‌క్యామ్‌కు 2 లేదా 3 ఆంపియర్లది పెడతారు. ఫ్యూజ్‌ల రంగులు ఏ కంపెనీ కారైనా ఒకటే: 7.5 గోధుమ రంగు, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫ్యూజ్ తీశాక కనిపించే రెండు చీలికల్లో ఒకదానికి మాత్రమే బ్యాటరీ వైపు నుంచి కరెంట్ వస్తుంది, రెండోది పరికరం వైపు వెళ్తుంది. ట్యాప్‌ను సరైన వైపు గుచ్చితే రెండు ఫ్యూజ్‌లకూ కరెంట్ విడివిడిగా అందుతుంది. తిరగేసి గుచ్చితే కొత్త లోడ్ కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతుంది. అర ఆంపియర్ కెమెరాతో ఆ తేడా ఎవరికీ తెలియదు. అదే 10 ఆంపియర్ల ఫ్యూజ్ దగ్గర స్టీరియో కలిపితే సౌండ్ పెంచినప్పుడల్లా ఆ ఫ్యూజ్ పోతుంది. అప్పుడు "15ది వేసేద్దాం" అంటారు. వైరు పాతదే ఉండగా ఫ్యూజ్ అంకె పెంచారంటే కాపలా తీసేసినట్టే.

ఏ స్లాట్ నుంచి తీసుకోవాలన్న దానిమీద పెద్దగా వాదన లేదు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ బ్రేకులు, ఇంజిన్ కంట్రోల్ ఫ్యూజ్‌ల జోలికి పోకూడదని అందరూ ఒప్పుకుంటారు. పవర్ సాకెట్ లాంటి మామూలు సర్క్యూట్లు చాలు.

## పార్కింగ్ మోడ్: బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది

కారు ఆపాక కూడా రికార్డ్ చేయాలంటే కెమెరాకు ఎప్పుడూ ఉండే కరెంట్ ఇవ్వాలి. సెల్లార్‌లో బంపర్ గీకి వెళ్లిపోయిన వాడెవడో తెలియాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. అది ఇవ్వొచ్చా, వద్దా అన్నది మీ కారు రోజు ఎలా గడుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

చిన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియర్ అవర్లు, అంటే లెక్క ప్రకారం ఒక ఆంపియర్ చొప్పున 35 గంటలు. పార్కింగ్ మోడ్‌లో కెమెరా 0.4 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. ఎల్‌బీ నగర్ నుంచి గచ్చిబౌలి వచ్చి ఆఫీసులో 9 గంటలు కారు ఆపే వ్యక్తి 3.6 ఆంపియర్ అవర్లు ఖర్చు చేస్తాడు, అంటే బ్యాటరీలో పదో వంతు. సాయంత్రం గంటకు పైగా సాగే ప్రయాణంలో అది చాలావరకు తిరిగి నిండుతుంది. అతనే రాత్రి ఇంటి సెల్లార్‌లోనూ మోడ్ ఆన్‌లో వదిలితే ఇంకో 12 గంటలకు 4.8 అవుతుంది. కొండాపూర్‌లో ఉండి పావుగంటలో ఆఫీసు చేరే వ్యక్తికి రోజంతా పోయే ఖర్చు అంతకంటే తక్కువేమీ కాదు, నింపుకునే సమయం మాత్రం అరగంటే. లోటు రోజూ కొంత కొంత పేరుకుని, రెండో వారంలోనో మూడో వారంలోనో ఒక పొద్దున సెల్ఫ్ తీసుకోదు. దూరం నుంచి వచ్చే కారుకు సరిపడ్డ అమరికే దగ్గరి కారును ఇబ్బంది పెడుతుంది.

శుక్రవారం సాయంత్రం 6కి శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో కారు వదిలి, మంగళవారం పొద్దున 6కి తిరిగొచ్చే కేసు చూద్దాం. మొత్తం 84 గంటలు. 0.4తో గుణిస్తే 33.6 ఆంపియర్ అవర్లు. కారు సొంతంగా నిద్రలో తాగే 30 మిల్లీ ఆంపియర్లు ఇంకో 2.5. కలిపితే 36, బ్యాటరీలో ఉన్నదే 35.

దీనికోసమే హార్డ్‌వైర్ కిట్‌లో లో వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది. 12.2 వోల్టులకు పెట్టుకుంటే సుమారు సగం బ్యాటరీ మిగిలి ఉండగానే కెమెరాను ఆపేస్తుంది. పై లెక్కలో 17 ఆంపియర్ అవర్లు పోవడానికి 40 గంటలు పడుతుంది, అంటే ఆదివారం పొద్దున 10 ప్రాంతానికి కెమెరా ఆగిపోతుంది. మంగళవారం కారు స్టార్ట్ అవుతుంది కానీ సోమవారం ఎవరైనా గుద్దితే దాని వీడియో ఉండదు. 11.8కి తగ్గించి పెట్టుకునేవాళ్లు రికార్డింగ్ గంటల కోసం స్టార్ట్ అయ్యే అవకాశాన్ని పణంగా పెడుతున్నారు.

కటాఫ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదన్నది పార్కింగ్ మోడ్ వద్దనేవాళ్ల వాదన, దానికీ బలం ఉంది. కటాఫ్ చూసేది వోల్టేజీని. మూడు నాలుగేళ్ల పాత బ్యాటరీ చిన్న లోడ్ మీద 12.4 చూపిస్తూనే, స్టార్టర్ వంద ఆంపియర్ల పైన అడగగానే చేతులెత్తేయగలదు. పైగా మన ఎండలు. ఉష్ణోగ్రత 8 నుంచి 10 డిగ్రీలు పెరిగిన కొద్దీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. 40 దాటే హైదరాబాద్ వేసవిలో బానెట్ కింద ఉండే బ్యాటరీకి ఇది చిన్న విషయం కాదు. తరచూ సగానికి దిగిపోవడం కూడా స్టార్టింగ్ కోసం చేసిన బ్యాటరీకి పడదు.

మధ్యేమార్గంగా కెమెరాకు విడిగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పెట్టేవాళ్లున్నారు. కారు నడుస్తున్నప్పుడు అది ఛార్జ్ అవుతుంది, ఆపాక కెమెరా దాని మీదే నడుస్తుంది, కారు బ్యాటరీని ముట్టుకోదు. ఖర్చు మాత్రం కొన్నిసార్లు కెమెరా ధరను దాటుతుంది. కెమెరా లోపల కాస్త కరెంట్ దాచుకోవడానికి లిథియం సెల్ ఉన్నదా, సూపర్ కెపాసిటర్ ఉన్నదా అన్నది కూడా ఇక్కడే చూడాలి. ఎండలో ఆపిన కారులో ముందు అద్దం దగ్గర వేడి 60 డిగ్రీలు దాటుతుంది. లిథియం సెల్ ఆ వేడికి ఉబ్బుతుంది, సూపర్ కెపాసిటర్ తట్టుకుంటుంది. నా మటుకు నాకు హైదరాబాద్‌లో ఆరుబయట ఆపే కారుకు సూపర్ కెపాసిటర్ లేని డ్యాష్‌క్యామ్ కొనడం సరైనదనిపించదు, పార్కింగ్ మోడ్ వాడినా వాడకపోయినా.

స్టీరియోలు కూడా బ్యాటరీ తాగుతాయి. ఆండ్రాయిడ్ స్టీరియో కీ తిప్పగానే వెంటనే తెరుచుకుంటోందంటే అది పూర్తిగా ఆఫ్ కాకుండా నిద్రలో ఉందని అర్థం. మంచివి ఆ నిద్రలో కొన్ని మిల్లీ ఆంపియర్లతో సరిపెడతాయి. కీ వైరు దొరకలేదని ఎరుపు, పసుపు కలిపేసి రెండిటినీ బ్యాటరీ వైరుకే ఇస్తే స్టీరియోకు కారు ఆపినట్టు ఎప్పటికీ తెలియదు. తెర నల్లగా కనిపిస్తున్నా లోపల 150 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయనుకుంటే రోజుకు 3.6 ఆంపియర్ అవర్లు. సంక్రాంతికి రైలెక్కి ఊరెళ్లి వారం తర్వాత వస్తే కారు కదలదు.

## కప్లర్ పెడతారా, కట్ చేస్తారా

"అన్నా, కప్లర్ ఉందా, వైర్లు కట్ చేస్తావా?" స్టీరియో మార్పించుకునేవాళ్లు షాపులో అడిగే మొదటి ప్రశ్న ఇదే, మంచి ప్రశ్న. కారు కంపెనీ కనెక్టర్‌లోకి నేరుగా దిగే అడాప్టర్ వైరింగ్‌నే కప్లర్ అంటున్నారు. అది ఉంటే ఒరిజినల్ వైర్లను ముట్టుకోకుండా పని జరుగుతుంది, రేపు పాత స్టీరియో తిరిగి పెట్టుకోవచ్చు.

కట్ చేసి కలపడంలో తప్పు ఎక్కడుందో తెలియాలంటే అలాంటి జాయింట్‌ను రెండు ఎండాకాలాల తర్వాత విప్పి చూడాలి. నల్ల ఇన్సులేషన్ టేప్ జిగురు వేడికి కరిగి పక్కకు కారి, వేళ్లకు బంకలా అంటుకుంటుంది. టేప్ చివర ఊడి వేలాడుతూ ఉంటుంది. లోపల మెలితిప్పిన రాగి పోగులు కొన్ని నల్లబడి, చెమ్మ తగిలిన చోట పచ్చగా చిలుం పట్టి ఉంటాయి. కొన్ని పోగులు మెలి దగ్గరే తెగిపోయి ఉంటాయి. 20 పోగుల మీద పోవాల్సిన కరెంట్ ఏడెనిమిది పోగుల మీద పోతూ ఆ జాయింటే వేడెక్కుతుంది. దీన్ని ఫ్యూజ్ పట్టుకోలేదు, ఎందుకంటే కరెంట్ ఎక్కువ కాలేదు, దారి ఇరుకైంది. లూజ్ కనెక్షన్ ప్రమాదం షార్ట్ సర్క్యూట్ కంటే మెల్లగా వచ్చేది, కనిపెట్టడం కష్టమైనదీ.

సోల్డర్ చేస్తే బాగుంటుందని కొందరు, క్రింప్ చేయాలని, అంటే చిన్న లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి బిగించాలని కొందరు. సోల్డర్ జాయింట్ కరెంట్‌ను బాగా మోస్తుంది. అయితే సీసం వైరులోకి పాకిన చోట తీగ బిరుసెక్కి, అది ఆగిన అంచు దగ్గర అదురుకు విరిగే అవకాశం ఉంది. దాన్ని కదలకుండా కట్టి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగితే ఆ అభ్యంతరం చాలావరకు పోతుంది. కార్ల కంపెనీలు తమ వైరింగ్‌లో ఎక్కువగా వాడేది క్రింపింగే, దానికి సరైన పట్టకారు ఉండాలి. మామూలు కట్టింగ్ ప్లయర్‌తో నొక్కిన క్రింప్ మెలితిప్పినదానికంటే పెద్ద మెరుగేమీ కాదు. వైరు తొడుగు మీదే నొక్కితే లోపలికి గుచ్చుకునే ట్యాప్ క్లిప్పులు పనిని వేగంగా కానిస్తాయి, కొన్ని పోగులను కోసేస్తాయి కూడా.

కొన్ని యూరప్ కంపెనీల కార్లలో ఇంకో చిక్కు. వాటిలో స్టీరియో దగ్గరికి కీ వైరే రాదు. కీ తిప్పిన సంగతి క్యాన్ బస్ అనే డేటా లైన్ మీద సందేశంగా వస్తుంది. ఆ సందేశాన్ని చదివి 12 వోల్టుల సంకేతంగా మార్చడానికి కప్లర్‌తో పాటు డీకోడర్ డబ్బా కావాలి. అది లేకుండా పెట్టే స్టీరియోలే ముందు చెప్పిన ఎరుపు-పసుపు కలపడానికి దారి తీస్తాయి.

వైరు వెళ్లే దారి గురించి ఒక ముఖ్యమైన మాట. ముందు అద్దం పక్కన ఉండే పిల్లర్ లోపల చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడిచి ఉంటుంది. డ్యాష్‌క్యామ్ వైరును దాని మీదుగా అడ్డంగా లాగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే దారికి అడ్డం పడుతుంది. దాని వెనక నుంచి, ఉన్న వైరింగ్‌తో పాటు కట్టి తీసుకెళ్లడమే పద్ధతి.

## రివర్స్ కెమెరాలో గీతలు ఎందుకు పాకుతాయి

కెమెరా మారుస్తారు, తెర మారుస్తారు, గీతలు మాత్రం పోవు. చాలాసార్లు దోషం ఎర్త్‌ది.

పాత పద్ధతి రివర్స్ కెమెరా పంపే వీడియో సంకేతం మొత్తం ఎత్తు 1 వోల్టు మాత్రమే. చీకటికీ వెలుగుకూ మధ్య తేడా అంతా ఆ ఒక్క వోల్టులోనే ఇమడాలి. కెమెరా ఎర్త్ డిక్కీ దగ్గర బాడీకి, స్టీరియో ఎర్త్ ముందు డ్యాష్‌బోర్డ్ వెనక. డిక్కీలో పెయింట్ సరిగా గీకకుండా బిగించిన ఒకే బోల్టుకు కెమెరాతో పాటు యాంప్లిఫైయర్ ఎర్త్ కూడా ఇచ్చారనుకోండి. ఆ చోట నిరోధం 0.05 ఓమ్‌లు, యాంప్లిఫైయర్ ఆ క్షణంలో లాగుతున్నది 5 ఆంపియర్లు అయితే అక్కడ 0.25 వోల్టుల తేడా పుడుతుంది. వీడియో సంకేతంలో పావు వంతు. పాట అదిరినప్పుడల్లా, ఆల్టర్నేటర్ వేగం మారినప్పుడల్లా ఆ తేడా ఎగుడుదిగుడై తెర మీద గీతలుగా కనిపిస్తుంది. యాంప్లిఫైయర్ ఎర్త్‌ను విడి బోల్టుకు, గీకి శుభ్రం చేసిన ఇనుము మీద బిగిస్తే చాలా కార్లలో కెమెరా మార్చకుండానే బొమ్మ కుదురుకుంటుంది. వానల్లో రోడ్డు మీదో సెల్లార్‌లోనో నీళ్లు చేరి కార్పెట్ తడిసిన కార్లలో ఈ బోల్టులే ముందు తుప్పు పడతాయి.

రివర్స్ కెమెరాకు కరెంట్ మామూలుగా వెనక తెల్ల లైటు నుంచి తీసుకుంటారు. లైటు వెలిగినప్పుడే కెమెరా మేలుకుంటుంది, తర్కం సరిగ్గా ఉంది. కానీ కొన్ని కార్లు బల్బుకు నిలకడగా 12 వోల్టులు ఇవ్వకుండా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ ఇస్తాయి. బల్బుకు తేడా ఉండదు, కెమెరా మాత్రం మిణుకుతుంది. దానికి మధ్యలో చిన్న ఫిల్టరో, రిలేనో కావాలి.

## స్మార్ట్ ఆల్టర్నేటర్ కార్లు, ఎలక్ట్రిక్ కార్లు

బ్యాటరీ వోల్టేజీ 13 దాటితే ఇంజిన్ నడుస్తున్నట్టు, తగ్గితే ఆగినట్టు అనుకునే డ్యాష్‌క్యామ్ కేబుళ్లు ఉన్నాయి. మెకానిక్‌లు స్కానర్ కలిపే ఓబీడీ పోర్ట్‌కు గుచ్చేవాటిలో ఇవి ఎక్కువ, ఎందుకంటే ఆ పోర్ట్ 16వ పిన్‌లో కీతో పనిలేకుండా కరెంట్ ఉంటుంది. కొత్త కార్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా చేయడానికి నడుస్తున్నప్పుడే ఛార్జింగ్ తగ్గించి, వోల్టేజీని 12 చిల్లరకు దించుతుంది. అప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు మీద 100లో పోతుండగా కెమెరా పార్కింగ్ మోడ్‌లోకి జారుకోవచ్చు. కీ వైరు విడిగా ఉన్న మూడు వైర్ల కిట్‌కు ఈ అయోమయం లేదు.

ఎలక్ట్రిక్ కారులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, డ్యాష్‌క్యామ్ దాని మీదే నడుస్తుంది. దాన్ని పెద్ద బ్యాటరీ నుంచి డీసీ-డీసీ కన్వర్టర్ నింపుతుంది. కారు ఆపి ఉన్నప్పుడు కూడా నింపుతుందా అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఈ చిన్న బ్యాటరీ అయిపోతే పెద్దది నిండుగా ఉన్నా కారు ఆన్ కాదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు పనిచేసేది ఈ 12 వోల్టులతోనే. నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి, వాటి దగ్గర యాక్సెసరీ పనికి చోటు లేదు.

## వారంటీ, బీమా ఏమంటాయి

సర్వీస్ సెంటర్లు "వైరు కట్ చేశారు, వారంటీ పోయింది" అంటాయి. యజమానులు "కెమెరాకూ ఇంజిన్‌కూ ఏం సంబంధం" అంటారు. వారంటీ పుస్తకాల్లో సాధారణంగా ఉండే మాట, బయటి పరికరాల వల్లా మార్పుల వల్లా కలిగిన నష్టానికి వారంటీ వర్తించదని. అలా చూస్తే కెమెరాతో సంబంధం లేని లోపానికి యజమాని వాదన నిలుస్తుంది. వైరింగ్ లోపం వచ్చినప్పుడు మాత్రం తెగిన ఒరిజినల్ వైరు ఎదురుగా కనిపిస్తుంటే సంబంధం లేదని చూపించడం కష్టం. కప్లర్‌కూ ఫ్యూజ్ ట్యాప్‌కూ ఉన్న అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది, రెండూ ఒరిజినల్ వైరును కోయవు.

బీమాలో రెండు సంగతులు కలగలిసిపోతుంటాయి. మన దేశంలో మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ (మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చేది) అగ్ని ప్రమాదాన్నీ, దానంతట అది అంటుకోవడాన్నీ కవర్ చేస్తుంది. ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను చేయదు. షార్ట్ అయి మంట వచ్చి కారు కాలితే అది అగ్ని ప్రమాదం కింద క్లెయిమ్‌కు వస్తుంది, అప్పుడు నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ బయటి వైరింగ్ గురించి తప్పకుండా అడుగుతారు. మంట రాకుండా వైరింగ్ మాత్రమే పాడైతే అది బ్రేక్‌డౌన్ లెక్కలోకి పోతుంది. ఇక కారు ధరలో కలిసిలేని స్టీరియో, తెరలు, కెమెరాల విలువ రావాలంటే వాటిని ముందే చెప్పి పాలసీకి ఐఎంటీ 24 అనే అదనపు నిబంధన (ఎండార్స్‌మెంట్) చేర్పించుకోవాలి, అదనపు ప్రీమియం మామూలుగా వాటి విలువలో 4 శాతం. 30,000 రూపాయల స్టీరియోకు ఏడాదికి 1,200, పన్ను అదనం. దానికి బిల్లు కావాలి. "యాక్సెసరీస్" అని ఒక్క ముక్క రాసిన బిల్లు కంటే పరికరం మోడల్, సీరియల్ నంబర్, కప్లర్ వాడిన సంగతి, ఏ స్లాట్ నుంచి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజ్‌తో కరెంట్ తీసుకున్నారో రాసి ఉన్న బిల్లు అటు సర్వేయర్ దగ్గరా, ఇటు సర్వీస్ సెంటర్ దగ్గరా పనికొస్తుంది.